పిడుగు దిగే దారి

ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంటి మెట్ల దగ్గర రెండు చిన్న గంటలు వేలాడుతుండేవి. 1752 సెప్టెంబరులో ఆయన పొగగొట్టం మీద ఒక ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని అడుగు నుంచి బాతు ఈక కాడంత మందం తీగను గాజుగొట్టంలోంచి ఇంట్లోకి దించాడు. తీగ మెట్ల పక్కగా కిందికి వెళ్లి నీళ్ల పంపు తాలూకు ఇనుప కాడను తాకుతుంది. తన గది గుమ్మానికి ఎదురుగా మాత్రం దాన్ని తెంపి, ఆరంగుళాల ఎడం వదిలి, రెండు కొసలకూ రెండు గంటలు కట్టాడు. వాటి మధ్య పట్టుదారానికి ఒక ఇత్తడి గుండు. మబ్బు పట్టిందంటే గుండు అటూ ఇటూ కొట్టుకుని గంటలు మోగేవి. ఆయన లండన్‌లో ఉన్నప్పుడు ఈ మోతకు భార్య డెబోరా బెదిరి ఉత్తరం రాస్తే, రెండు గంటలనూ ఒక తీగతో కలిపెయ్యమని జవాబు రాశాడు.

పిడుగు తీగను ఇంటి లోపలి నుంచి, అదీ నడుమ తెంపి దించడమంటే ఇవాళ ఏ ఎలక్ట్రీషియనైనా తల పట్టుకుంటాడు. ఫ్రాంక్లిన్‌కు అది ప్రయోగం. జనానికి ఇచ్చిన సలహా వేరు. తాను అచ్చువేసే ‘పూర్ రిచర్డ్’ పంచాంగం 1753 సంచికలో దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇనుప కడ్డీ ఒక కొస తడి నేలలోకి మూడు నాలుగు అడుగులు దిగాలి. రెండో కొస ఇంటి కప్పు కన్నా ఆరు నుంచి ఎనిమిది అడుగులు పైకి ఉండాలి. ఆ పై కొసన, అల్లిక సూదంత ఇత్తడి తీగను మొన తేల్చి బిగించాలి. పైన మొన, కింద తడి నేల. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు లోకం మొన మీద కొట్లాడింది కానీ నేల సంగతి పెద్దగా పట్టించుకోలేదు. పిడుగు నుంచి ఇంటిని కాపాడుకున్న చరిత్రంతా నాకు ఈ అశ్రద్ధ చరిత్రగానే కనిపిస్తుంది.

అంతకు ముందు చేసిందల్లా ప్రార్థనే. మన ఊళ్లలో ఉరిమితే పెద్దవాళ్లు ‘అర్జునా, ఫల్గుణా’ అనుకునేవారు, ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వజ్రాయుధం ఇంద్రుడిది, అర్జునుడు ఆయన కొడుకు. కొడుకు పేరు చెబితే తండ్రి కాస్త చూసీ చూడనట్టు పోతాడని ధీమా. దీనికి ఖర్చు లేదు, ప్రమాదమూ లేదు. యూరప్‌లో మాత్రం ఉరుము వినగానే చర్చి గంటలు మోగించేవారు. ఊళ్లోకెల్లా ఎత్తయిన కట్టడంలో నిలబడి, వానకు చెమ్మెక్కిన తాడు పట్టుకుని లాగడమన్నమాట. 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకం ఇచ్చిన లెక్క ప్రకారం 33 ఏళ్లలో 386 చర్చి గోపురాల మీద పిడుగులు పడ్డాయి, 103 మంది గంటలు కొట్టేవాళ్లు చనిపోయారు.

కడ్డీ వచ్చినా మనుషులు వెంటనే నమ్మలేదు. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గియోర్గ్ రిఖ్‌మన్ అనే శాస్త్రవేత్త కప్పు మీది కడ్డీ నుంచి గదిలోకి తీగ లాక్కుని, వచ్చే విద్యుత్తును కొలవబోయాడు. కొలవాలంటే నేలకు కలపకూడదు, అందుకని కలపలేదు. వంగి చూస్తుండగా తీగ నుంచి నిప్పు ఆయన నుదుటికి దూకింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. 1755లో బోస్టన్‌లో భూకంపం వస్తే థామస్ ప్రిన్స్ అనే మతబోధకుడు తప్పు కడ్డీల మీదికి నెట్టాడు, అవి ఆకాశంలోని విద్యుత్తునంతా భూమిలో నింపుతున్నాయట. మొరావియాలో ప్రొకోప్ దివిష్ అనే పాదిరీ 1754లో కట్టుకున్న పిడుగు యంత్రాన్ని, వానలు పడకపోవడానికి అదే కారణమంటూ ఊరివాళ్లు తర్వాత కూల్చేశారు. ఫ్రాన్స్‌లో సెంతొమేర్ అనే ఊళ్లో 1780లో ద విస్సెరీ అనే న్యాయవాది ఇంటి మీద కడ్డీ పెడితే ఇరుగుపొరుగు బెంబేలెత్తి ఫిర్యాదు చేశారు. తీసెయ్యమని ఊరి అధికారులు ఆజ్ఞాపించారు. ఆ వ్యాజ్యం అరాస్ న్యాయస్థానం దాకా వెళ్లి, 1783లో ఇంటాయన గెలిచాడు. ఆయన తరఫున వాదించిన పాతికేళ్ల వకీలు పేరు రోబెస్పియర్. పదేళ్ల తర్వాత ఫ్రాన్స్‌ను గడగడలాడించినవాడు పేరు తెచ్చుకున్నది పిడుగు కడ్డీ కేసుతో.

ఇక అసలు కొట్లాట ఇంగ్లండ్‌లో. థేమ్స్ ఒడ్డున పర్‌ఫ్లీట్‌లో ప్రభుత్వ తుపాకిమందు గిడ్డంగులుండేవి. వాటికి ఎలాంటి కడ్డీలు పెట్టాలో తేల్చమని 1772లో ఒక కమిటీ వేశారు. ఫ్రాంక్లిన్, శాస్త్రవేత్త కావెండిష్ వంటివారు మొనదేలిన కడ్డీలే మేలన్నారు. బెంజమిన్ విల్సన్ అనే చిత్రకారుడు మాత్రం ఒప్పుకోలేదు. మొన పిడుగును పిలుస్తుంది, గుండు తల ఉండాలన్నాడు. 1777లో అక్కడి భవనం ఒకదాని మీద నిజంగానే పిడుగు పడి కొన్ని ఇటుకలు రాలాయి. విల్సన్ పండగ చేసుకున్నాడు. అప్పటికే అమెరికా తిరుగుబాటు నడుస్తోంది, మొన అంటే ఫ్రాంక్లిన్, ఫ్రాంక్లిన్ అంటే తిరుగుబాటుదారు. మూడో జార్జి రాజు తన భవనం మీది మొనలు తీయించి గుండ్లు పెట్టించాడు.

మొనా గుండా అన్న ఈ గొడవలో చక్కటి సాక్ష్యం ఒకటి మరుగునపడింది. అంతకు పదిహేనేళ్లకు పైగా ముందే ఫిలడెల్ఫియాలో వెస్ట్ అనే వర్తకుడి ఇంటి కడ్డీ మీద పిడుగు పడింది. ఫ్రాంక్లిన్ మిత్రుడు కిన్నర్స్లీ వెళ్లి విచారించాడు. పై మొన కాస్త కరిగింది, ఇంటికి ఏమీ కాలేదు. అయితే ఎదురింటి నుంచి చూసిన మనిషి ఒకరు ఇంకో మాట చెప్పారు: వానకు తడిసిన వీధి రాళ్ల మీద, కడ్డీ అడుగు చుట్టూ రెండు మూడు గజాల మేర మెరుపు పరుచుకుందట. కిందికి దిగిన విద్యుత్తు నేల లోపలికి పోవడానికి దారి చాలక పైపైనే పాకిందని అర్థం. పర్‌ఫ్లీట్‌లో కమిటీలు కూర్చుని తేల్చాల్సింది ఇదీ.

ఇంటి లోపలి తీగల సంగతి ముందుగా పసిగట్టినవాడు జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రవేత్త. 1840లలో ప్రిన్స్‌టన్‌లో ఆయన ఇంటి కప్పు తగరపు రేకులది. రేకు అంచుకు ఒక తీగ అతికించి, చదువుకునే గదిలోంచి తెచ్చి, బావిలోకి దించాడు. దారిలో ఆ తీగను చుట్టగా చుట్టి అందులో ఒక సూది పెట్టాడు. ఏడెనిమిది మైళ్ల అవతల మెరిసినా ఇక్కడ సూది అయస్కాంతమయ్యేది. పిడుగు ఇంటి మీద పడనక్కర్లేదు, ఎక్కడో పడినా ఇంటి తీగలో ప్రవాహం పుడుతుంది. మనం సర్జ్ అంటున్నదాన్ని ఆయన అప్పుడే చదువుకునే గదిలో కూర్చుని చూశాడు. కానీ అప్పటికి ఇళ్లలో తీగలే లేవు కదా, ఎవరికి అక్కర?

1888లో ఆలివర్ లాడ్జ్ అనే శాస్త్రవేత్త ఇంకో చిక్కు బయటపెట్టాడు. లావుపాటి రాగి తీగను చక్కటి దారిగా ఇచ్చి, పక్కనే చిన్న గాలి సందు వదిలి విద్యుత్తును దాచే లైడెన్ జాడీని ఒక్కసారిగా ఖాళీ చేశాడు. నిప్పురవ్వ రాగిని కాదని గాలి సందులోంచి దూకింది. మామూలు కరెంటుకు అడ్డు కాని తీగ, లిప్తలో పదోవంతు కూడా నిలవని ఈ పోటుకు పెద్ద అడ్డు. తీగ పొడవు, వంపులు కూడా లెక్కలోకి వస్తాయి. టెలిగ్రాఫ్ శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ ఇదంతా ప్రయోగశాల ముచ్చటని కొట్టిపారేశాడు. లాడ్జే సరి.

లెక్క చూడండి. స్విట్జర్లాండ్‌లో మోంతే సాన్ సాల్వతోరె కొండ మీద కార్ల్ బెర్గర్ దశాబ్దాల తరబడి పిడుగులు కొలిచి, మామూలు పిడుగులో మొదటి దెబ్బ దాదాపు 30,000 ఆంపియర్లు ఉంటుందని చూపాడు. అది 10 ఓముల ఎర్త్‌లోకి దిగితే ఆ ఎర్త్ 3 లక్షల వోల్టులకు లేస్తుంది. ఇంటి ఎర్త్ ఒక దారిన, కేబుల్ వాడి తీగ ఇంకో దారిన వస్తే, ఆ తేడా అంతా టీవీ లోపలే తేలాలి.

తీగ ఇంటి దాకా వచ్చాక రక్షణ పరికరాలూ వచ్చాయి. మొదట టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో రెండు లోహపు పళ్లేల మధ్య సన్నటి సందు పెట్టేవారు, పోటు వస్తే అందులోంచి దూకి నేలకు పోయేది. కరెంటు లైన్లకు ఇది చాలలేదు, దూకిన నిప్పు వెంట అసలు కరెంటూ పోతూనే ఉండేది. దీనికి సరైన మందు 1960ల చివర్లో జపాన్‌లో దొరికింది. మత్సుషిత కంపెనీలో మిచియో మత్సుఓక జింక్ ఆక్సైడ్‌లో కొంచెం బిస్మత్ ఆక్సైడ్ వంటివి కలిపి కాల్చిన బిళ్ల, మామూలు వోల్టేజికి కరెంటును ఆపుతుంది, హద్దు దాటితే లిప్తలో తలుపు తీస్తుంది, పోటు పోగానే మళ్లీ మూసుకుంటుంది. ఇవాళ ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీది అరెస్టర్‌లోనూ, సర్జ్ ప్రొటెక్టర్ అని అమ్మే ఎక్స్‌టెన్షన్ బాక్సులోనూ ఉండేది ఆ బిళ్లే. అది పోటును మింగదు, దారి మళ్లిస్తుంది. మళ్లించడానికి దారంటూ ఉండాలి.

మన ఇళ్లలో ఆ దారి ఎలా ఉందో అందరికీ తెలుసు. టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రతి డాబా మీదా ఎత్తయిన పైపు, దాని కొసన యాంటెన్నా. పిడుగు కడ్డీకి ఉండాల్సినవన్నీ దానికున్నాయి, కింది భాగం తప్ప. ఇల్లు కట్టేటప్పుడు ఎర్త్ గుంత తవ్వి ఉప్పు, బొగ్గు వేస్తాం, ఆ తర్వాత ఎండాకాలంలో దానికి చెంబుడు నీళ్లు పోసే ఇల్లు ఎక్కడో గానీ ఉండదు. త్రీ పిన్ ప్లగ్గు రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని పై పిన్ను విరగ్గొట్టిన చేతులు ఎన్ని! ఇంకో సంగతి కూడా విడిగా చెప్పుకోవాలి. వీధిలో న్యూట్రల్ తెగితే ఇంటికి 230 బదులు 400 వోల్టుల దాకా వచ్చి ఫ్రిజ్‌లు, టీవీలు పోతాయి. జనం దాన్నీ ‘సర్జ్’ ఖాతాలోనే రాస్తారు. అది లిప్తకాలపు పోటు కాదు, నిమిషాల తరబడి నిలిచే జబ్బు. దానికి జింక్ ఆక్సైడ్ బిళ్ల అడ్డుపడితే తానే కాలిపోతుంది. వోల్టేజి హద్దు దాటితే లైను కట్ చేసే పరికరం వేరే ఉంటుంది, అదీ పెట్టుకోవాలి.

పిడుగులకు మన దగ్గర కరువు లేదు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. అందుకే కడ్డీల వ్యాపారం కూడా జోరుగా ఉంది. అందులో మళ్లీ పాత పిచ్చే. కడ్డీ కొసన ఏదో ఒక యంత్రపు తల బిగించి, ఇది పిడుగుకు ముందుగానే ఎదురెళ్లి పట్టుకుంటుందని, ఒక్కటి పెడితే చుట్టూ వంద మీటర్లు క్షేమమని చెప్పి అమ్ముతారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305 మాత్రం కడ్డీ అసలు కొలతలనే లెక్కలోకి తీసుకోమంటుంది. న్యూ మెక్సికోలో కొండ శిఖరం మీద చార్లెస్ మూర్ బృందం రకరకాల కడ్డీలు పక్కపక్కన నిలబెట్టి ఏడేళ్లు చూసింది. సూది మొనల మీద గానీ, ఈ యంత్రపు తలల మీద గానీ పిడుగు పడలేదు. పడ్డవన్నీ మొద్దు తలలున్న కడ్డీల మీదే. అంటే మొన మీద ఫ్రాంక్లిన్ ధీమా కొంచెం ఎక్కువే. పాపం విల్సన్.

ఇక నేల సంగతి. తెలంగాణలో చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఎర్త్ పైపు దిగదు, దిగినా చెమ్మ నిలవదు. ఈ బాధకు విరుగుడు ఇంకో ఎండు నేల మీదే దొరికింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అరిజోనా ఎడారిలో బాంబు గిడ్డంగులకు ఎర్త్ కుదరక, హెర్బర్ట్ యూఫర్ అనే ఇంజనీరు పునాది కాంక్రీటులోని ఉక్కు చువ్వలనే ఎర్త్‌గా వాడాడు. కాంక్రీటు నేల చెమ్మను పీల్చి పట్టుకుంటుంది. ఇరవై ఏళ్లకు పోయి కొలిస్తే నిరోధం 5 ఓములు దాటలేదు. మన ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 కూడా పునాది ఎర్త్‌ను ఒప్పుకుంటుంది. దీనికి మాట్లాడుకోవాల్సింది ఎలక్ట్రీషియన్‌తో కాదు, మేస్త్రీతో. ఫుటింగు చువ్వలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కున్నాయో లేదో చూసి, మీటరు బోర్డు వచ్చే చోటికి ఒక జీఐ పట్టీ బయటికి తీయించుకోవాలి. కరెంటు, కేబుల్, నెట్ తీగలన్నీ ఇంట్లోకి అక్కడే రావాలి, సర్జ్ ప్రొటెక్టర్ కూడా అక్కడే, అర మీటరుకు మించని తీగతో ఆ పట్టీకే కలవాలి. పట్టీ పెట్టేది కాంక్రీటు పోసే ముందు రోజు, పోశాక కుదరదు.