మీర్ ఆలం మండి గోదాములో

ఫజర్ నమాజు అయిపోయింది. మీర్ ఆలం మండి సందులో ఇంకా మసక చీకటే. రెండు నెలలుగా మూతబడ్డ గోదాము షట్టర్‌కు హమాలీ భుజం ఆనిస్తాడు. కిర్రుమంటూ సగం దాకా లేచి ఆగుతుంది. వంగి లోపలికి దూరితే ముందు తగిలేది వాసన: పాత గోనెసంచులు, ఎండుమిర్చి ఘాటు, వాటి అడుగున ముక్కులు పట్టేసే ఎలుక ఉచ్చ. కాళ్ల కింద నల్లటి బియ్యపు గింజల్లా పెంటికలు.

హమాలీ తువాలు ముక్కుకు చుట్టుకుని చీపురు అందుకుంటాడు.

"ఆగుర భయ్! ముందుగాల నీళ్లు సల్లు. వాకిట్ల సాన్పు సల్లినట్టు సల్లు."

గడప దగ్గర స్టూలు మీద కూర్చున్న చాచా కేక అది. ఆయనకు ఆయాసం, దుమ్ము లేస్తే పొద్దంతా దగ్గే. హంటా వైరస్ పేరు విన్నాడో లేదో గానీ, అది మనిషిలోకి వచ్చే దారిని మాత్రం ఆయన మూసేశాడు. ఎలుక కరిచి అంటుకోవడం అరుదు. ఎండిన ఉచ్చ, పెంటికలు పొడై, చీపురు దెబ్బకు గాల్లోకి లేచి, ఊపిరితో లోపలికి పోతాయి. గాలాడని గదైతే మరీను. మోసే ఎలుకకు ఏ జబ్బూ ఉండదు, హాయిగా తిరుగుతుంది.

బొక్కెన వస్తుంది. ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు. నేల నల్లగా తడుస్తుంది. ఐదు నిమిషాలు ఆగాలి. హమాలీకి ఆ ఓపిక లేదు, చాచా చూపుకు భయపడి ఆగాడంతే.

ఆ ఐదు నిమిషాల్లోనే గోడవారగా ఏదో కీచుమంటూ పరుగెడుతుంది. పొడుగు మూతి, పాడు కంపు.

"చుచుందర్!"

మన చుంచు. చూడటానికి ఎలుకే గానీ, అసలు ఎలుకల జాతే కాదు. 1964లో వేలూరు తోటపాళ్యంలో ఇలాంటి చుంచులోనే ఒక వైరస్ దొరికింది. వెతుకుతున్నది మెదడువాపు జ్వరం కోసం. అది హంటా కుటుంబానిదని తర్వాతెప్పుడో తేలింది. కొరియా యుద్ధంలో సుమారు మూడు వేల మంది సైనికులను మంచాన పడేసిన, హంటాన్ నది పేరు మోస్తున్న వైరస్ గురించి లోకానికి తెలిసింది 1978లో. అంటే మన పక్కింటి చుంచే ముందు! ఆ చుంచు వైరస్ మనుషులకు జబ్బు చేసిందన్న రుజువు లేదు. అయితే వేలూరు పరిశోధకులు తర్వాత గోదాము కూలీల్లో, ఎలుకలు పట్టే ఇరులవాళ్లలో హంటా యాంటీబాడీలు చూశారు. పనిని బట్టి ప్రమాదం.

"జెరమొస్తే కోరంటికి పోతం," అంటాడు హమాలీ, నల్లకుంట ఫీవరాస్పత్రిని తలచి. క్వారంటైన్ అన్న మాట జనం నోళ్లలో నలిగి కోరంటి అయింది. కానీ మొదటి రోజుల్లో హంటా కూడా డెంగీలాగే, ఎలుక జ్వరంలాగే ఉంటుంది: జ్వరం, ఒళ్లునొప్పులు, తలపోటు. మూత్రపిండాలో ఊపిరితిత్తులో దెబ్బతిన్నాకే తేడా తెలిసేది. అమెరికా రకం సోకితే పదిమందిలో దాదాపు నలుగురు పోతారు. ఊళ్లలో కాల్వల ఎలుక మోసే సియోల్ రకం అంత చేటు చేయదు. చేతులకు తొడుగులున్నాయా అని అడిగితే హమాలీ నవ్వుతాడు.

ఎండ సందులోకి వాలింది. తడి ముద్దను హమాలీ రేకు మీదికి ఎత్తుతున్నాడు. అంతలో పక్క షట్టర్ దడదడా లేచింది. ఎండు చీపురు చప్పుడు. దుమ్ము ఎండలో బంగారంలా మెరుస్తూ ఇటే వస్తోంది. చాచా లుంగీ కొసతో ముక్కు మూసుకున్నాడు.