అరగంట తనిఖీ: ఇంగ్లండ్‌లో తనఖా ఇళ్ల వాల్యుయేషన్ చరిత్ర

ఇంగ్లండ్‌లో సంప్రదాయ పద్ధతి ప్రకారం, ఇంటిని తనఖా పెట్టి అప్పు తీసుకునేవారు అప్పిచ్చే సంస్థకు ఒక చిన్న రుసుము కడతారు. ఆ సంస్థ ఒక సర్వేయర్‌ను పంపుతుంది. ఆయన సుమారు అరగంట ఇల్లంతా తిరిగి, పైకి కనిపించేది చూసి, ఒక ధర రాసి ఇస్తాడు. కార్పెట్లు ఎత్తడు, బీరువాలు జరపడు. గోడల అడుగున చెమ్మ మీటర్ ఆనించి చూస్తాడు. అటక మూత తీసి తల, భుజాలు పట్టినంత మేరకే లోపలికి తొంగి చూస్తాడు. అప్పు తీరకపోతే ఇల్లు అమ్మి సొమ్ము రాబట్టుకోగలమా అన్నదే సంస్థ అడిగే ప్రశ్న. కొనేవారి ప్రశ్న అది కాదు. ఈ ఇంట్లో ఇరవై ఏళ్లు నిశ్చింతగా ఉండగలమా అని వారికి కావాలి. ఒకరి ప్రశ్నకు రాసిన జవాబును రెండోవారు నమ్ముకోవడం, దానికి రుసుము కూడా వారే కట్టడం ఈ పద్ధతిలోని అసలు చిక్కు. అది విడివడడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఈ అప్పులిచ్చే బిల్డింగ్ సొసైటీలు పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టాయి. వాటిలో మొదటిదిగా చెప్పేది 1775లో బర్మింగ్‌హామ్‌లో రిచర్డ్ కెట్లీ నడిపిన సత్రంలో మొదలైంది. సభ్యులు నెలనెలా సొమ్ము పోగేసి, ఒకరి తర్వాత ఒకరు ఇల్లు సమకూర్చుకునేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇవి ముక్కూమొహం తెలియని డిపాజిటర్ల సొమ్ముతో నడిచే పెద్ద సంస్థలయ్యాయి. 1892లో లిబరేటర్ సొసైటీ కూలిపోయి, వేలాది మంది చిన్న మదుపుదారులు నిండా మునిగారు. తనఖా ఆస్తి విలువను ఎవరు, ఎలా నిర్ణయిస్తున్నారన్న ప్రశ్నకు ఆ తర్వాత బరువు పెరిగింది. అప్పటికే సర్వేయర్లు ఒక వృత్తిగా కుదురుకుంటున్నారు. 1868లో లండన్‌లో వారి సంఘం ఏర్పడింది, 1881లో దానికి రాయల్ చార్టర్ దక్కింది.

1930లలో లండన్ చుట్టూ కొత్త కాలనీలు వరసగా లేచాయి. బిల్డర్లే సొసైటీ దగ్గర పూచీగా కొంత సొమ్ము ఉంచేవారు, దాంతో కొనేవారికి ధరలో సింహభాగం అప్పుగా దొరికేది. పూచీ చేతిలో ఉన్నప్పుడు ఇల్లు ఎలా కట్టారో నిలదీసి చూడాల్సిన తొందర సొసైటీకి తగ్గిపోయింది. కెంట్‌లోని కోనీ హాల్ కాలనీలో ఎల్సీ బోర్డర్స్ అనే గృహిణి, నాసిరకం ఇల్లు అంటగట్టారంటూ 1937లో వాయిదాలు ఆపేసింది. సొసైటీ దావా వేస్తే లాయరు లేకుండా తన కేసు తానే వాదించుకుంది. చుట్టుపక్కల కాలనీల వాళ్లు కూడా వాయిదాలు ఆపేశారు. 1941లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. అయితే 1939లోనే పార్లమెంటు బిల్డర్ల పూచీ పద్ధతికి చట్టంతో హద్దులు పెట్టింది. ఆ మార్పులో ఆమె పోరాటం పాలు తక్కువేం కాదు.

1962 నాటి బిల్డింగ్ సొసైటీల చట్టం, అప్పిచ్చే ముందు ఆస్తి విలువ మీద సమర్థుడైన వ్యక్తి రాతపూర్వక రిపోర్టు ఉండాలని చెప్పింది. ఆ రిపోర్టు సొసైటీ ఫైల్లోనే ఉండిపోయేది, కొనేవారికి చూపేవారు కాదు. అప్పు మంజూరైందన్న ఉత్తరమే వారికి అందేది. పెద్ద సంస్థ తన సొమ్ము పెడుతోందంటే ఇల్లు బాగానే ఉండి ఉంటుందని వారు అనుకునేవారు. సొంత సర్వే చేయించుకోండని సొసైటీల కరపత్రాలు చెప్పేవి. దానికయ్యే ఖర్చు చూసి పదిమందిలో తొమ్మిదిమంది ఆ ఊసే ఎత్తేవారు కాదు. వీరిని అజాగ్రత్తపరులని కొట్టిపారేయడం అన్యాయం. ఉన్నదంతా ఊడ్చి మొదటి ఇల్లు కొంటున్నవారు, ఒకసారి డబ్బు కట్టి చేయించిన తనిఖీని మళ్లీ ఎందుకు చేయించాలని అడగడం సహజం.

1963లో హెడ్లీ బర్న్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక కొత్త సూత్రం చెప్పింది. నిపుణుడు తన మాటను ఎదుటివారు నమ్ముకుంటారని తెలిసి అజాగ్రత్తగా మాట్లాడితే, ఒప్పందం లేకున్నా బాధ్యుడవుతాడు. ఆ కేసులో బ్యాంకు మాత్రం ‘మాకు బాధ్యత లేదు’ అని ముందే రాసుకున్నందువల్ల బయటపడింది. ఈ రెండు ముక్కలూ వాల్యుయర్ల చరిత్రను నడిపించాయి.

మొదటిది 1981లో యియాని కేసులో పనిచేసింది. ఉత్తర లండన్‌లో 15,000 పౌండ్లకు కొన్న ఇల్లు అది. సొసైటీ సర్వేయర్ల రిపోర్టు మీద 12,000 పౌండ్ల అప్పు వచ్చింది. తర్వాత పునాది కుంగి, మరమ్మతులకు 18,000 పౌండ్లు అవుతాయని తేలింది. కొన్నవారు ఆ రిపోర్టును కళ్లతో చూడలేదు. అయినా తమ మాట మీదే వారు ఇల్లు కొంటారని సర్వేయర్లకు తెలుసు కాబట్టి నష్టం భరించాలని కోర్టు అంది. అప్పటినుంచి రిపోర్టు నకలు కొనేవారికి ఇవ్వడం మామూలైంది. దానితోపాటే హెడ్లీ బర్న్ రెండో ముక్క, అంటే బాధ్యత లేదన్న షరతు, ప్రతి దరఖాస్తులోకీ ఎక్కింది.

ఆ షరతు చెల్లుతుందా అన్నది 1989 ఏప్రిల్‌లో తేలింది. నార్విచ్‌లో ఒక మహిళ 18,000 పౌండ్లకు చిన్న ఇల్లు కొంది. ఆమె కట్టిన తనిఖీ రుసుము 40 పౌండ్ల లోపే. పెద్ద మరమ్మతులేమీ అక్కర్లేదని రిపోర్టు చెప్పింది. నిజానికి పై అంతస్తులో పొగగొట్టాన్ని మోసే కట్టడాన్ని ఎవరో ఎప్పుడో తీసేశారు. సర్వేయర్ అది గమనించాడు కూడా. పైన మిగిలిన ఇటుకల బరువు దేని మీద నిలిచిందో మాత్రం చూడలేదు. ఏడాదిన్నర తర్వాత ఆ ఇటుకలు పడకగది కప్పును చీల్చుకుని కింద పడ్డాయి. దీనితో కలిపి విన్న మరో కేసు కిడర్‌మిన్‌స్టర్‌ది. అక్కడ అప్పిచ్చింది స్థానిక కౌన్సిల్, చూసింది దాని ఉద్యోగి, రుసుము 22 పౌండ్లు. మూడేళ్ల తర్వాత అమ్మబోతే ఆ ఇల్లు కొనే నాథుడే లేడు.

బాధ్యత లేదన్న షరతు, అన్యాయమైన ఒప్పంద షరతుల మీద 1977లో వచ్చిన చట్టం ప్రకారం న్యాయసమ్మతం కాదని, కాబట్టి చెల్లదని లార్డ్స్ రెండు కేసుల్లోనూ తీర్పిచ్చారు. రుసుము కట్టింది కొనేవారే. షరతు గురించి బేరమాడే బలం వారికి లేదు. ఉన్నదల్లా చూసి చెప్పమన్న పనిలో అసాధ్యమేమీ లేదు. నష్టం వస్తే సర్వేయర్ బీమా భరించగలదు గాని ఒక సామాన్య కుటుంబం భరించలేదు. అయితే ఇది మామూలు ఇళ్ల మాటేనని, ఖరీదైన భవనాల సంగతి వేరని కూడా లార్డ్స్ హద్దు గీశారు.

రుసుము తక్కువ కాబట్టి శ్రద్ధ కూడా తక్కువే ఉంటుందన్న వాదనకు సూటి జవాబు 1988లో రాబర్ట్స్ కేసులో వచ్చింది. చెక్కను తినేసే డ్రై రాట్ అనే బూజు పట్టిన బంగళా అది. తక్కువ రుసుము తనిఖీ పరిధిని కుదిస్తుంది గాని, చూసే కంటికి ఉండాల్సిన నైపుణ్యాన్ని తగ్గించదు. చెమ్మ మరకో బీటో కనిపిస్తే దాని ఆనవాలు పట్టుకుని పోవాల్సిందే. ఒక ఇంటికి అరగంట చాలుతుంది, ఇంకోదానికి రెండు గంటలు పడుతుంది. ఎక్కువ సమయం పట్టిన ఇంటికి వేరే రుసుము రాదని తెలిసే వృత్తిదారు ఆ పని ఒప్పుకున్నాడు. ఈ వృత్తికి గౌరవం తెచ్చిన తీర్పు ఏదైనా ఉంటే ఇదే. చవక పనిని నిషేధించలేదు, చవకను సాకుగా వాడుకోవడాన్ని మాత్రం ఆపింది.

ధర కచ్చితత్వం మాట వేరు. 1977లో ఒక కోర్టు, సరైన విలువకు అటూ ఇటూ పది శాతం, అరుదుగా పదిహేను శాతం తేడా సహజమేనంది. 2010లో మరో తీర్పు మామూలు ఇళ్లకు ఆ హద్దును అయిదు శాతానికి దించింది. ఒకే తీరు ఇళ్లున్న వీధిలో ధర చెప్పడం, గోడ వెనక ఏముందో చెప్పడంకన్నా తేలిక. అందుకే తనఖా రిపోర్టులు ధరలో నిలబడి, ఇంటి స్థితి దగ్గర ఎక్కువగా తడబడ్డాయి.

ఈ ఖాళీని పూడ్చడానికే సర్వేయర్ల సంఘం 1981లో కొనేవారి కోసం మధ్యస్థ ధరకు ప్రత్యేక రిపోర్టు తెచ్చింది. స్కాట్లాండ్ 2008 డిసెంబరు నుంచి మరో దారి పట్టింది. అక్కడ అమ్మేవారే ముందుగా సర్వే చేయించి, కొనదలచినవారికి చూపాలి. ఇంగ్లండ్‌లో 2011లో అప్పీల్ కోర్టు, అద్దెకివ్వడానికి కొనేవారిని వ్యాపారులుగా చూసి, 1989 తీర్పు ఇచ్చిన రక్షణ వారికి వర్తించదంది. ఇప్పుడు చాలా అప్పులకు ఇంట్లో ఎవరూ అడుగుపెట్టకుండానే, పాత అమ్మకాల లెక్కల నుంచి కంప్యూటరే విలువ కడుతోంది. సర్వేయర్ల సంఘం 2021 నుంచి ఇంటి సర్వేలను మూడు స్థాయిలుగా విడదీసింది. తనఖా వాల్యుయేషన్ ఆ మూడింటిలో దేనిలోకీ రాదు.