దృశ్య కొనసాగింపు: ‘పథేర్ పాంచాలి’ చెప్పే పాఠం

ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారేటప్పుడు పాత్రల దుస్తులు, చేతిలోని వస్తువులు, వెలుతురు, చూపు, కదలికల దిశ పొంతన తప్పకుండా చూడడమే దృశ్య కొనసాగింపు. చిత్రసీమ వాడుకలో దీనిని ‘కంటిన్యుటీ’ అంటారు. కథ నడిచే వరుసలోనే చిత్రీకరణ సాగడం అరుదు. నటుల కాల్‌షీట్లు, వాతావరణం, డబ్బు ఆ వరుసను నిర్ణయిస్తాయి. తెరపై రెండు నిమిషాల సన్నివేశానికి నెలల వ్యవధి పట్టవచ్చు.

ఇందుకు సత్యజిత్ రాయ్ తొలి చిత్రం ‘పథేర్ పాంచాలి’ చక్కని ఉదాహరణ. 1952 అక్టోబరులో అపు, దుర్గ రెల్లుపూల మధ్య రైలును చూసే ఘట్టంతో చిత్రీకరణ ఆరంభమైంది. మిగిలిన షాట్ల కోసం వారం తర్వాత వెళ్లేసరికి పశువులు రెల్లును మేసేశాయి. పూలు లేని నేలపై తీస్తే ముందరి షాట్లతో అతకదు. అందువల్ల మరుసటి ఏడు రెల్లు పూసేదాకా వేచి ఉండవలసి వచ్చింది.

డబ్బు కొరతతో చిత్రీకరణ పలుమార్లు ఆగింది. తల్లి పారవేసిన అన్నం తినడానికి కుక్క వచ్చే ఘట్టం సగంలో నిలిచిపోయింది. నెలల తర్వాత యూనిట్ తిరిగి వచ్చేనాటికి ఆ కుక్క లేదు. అచ్చం దానిలాంటి మరొక కుక్కను వెదికి తెచ్చి మిగతా భాగం తీశారు. మిఠాయిలమ్మే పాత్రధారి మధ్యలో మరణించగా, అదే శరీర సౌష్ఠవం గల మరొకరిని వెనుకవైపు నుంచి చూపారు. ప్రేక్షకులు తేడాను గమనించలేదు.

సాధారణంగా ఈ బాధ్యత స్క్రిప్ట్ సూపర్‌వైజర్‌ది లేదా ఒక సహాయ దర్శకునిది. ఏ చేతిలో గ్లాసు ఉంది, అందులో నీరు ఎంత ఉంది, పైట ఏ భుజంపై ఉంది వంటి వివరాలను ఫొటోలతో సహా నమోదు చేస్తారు. కెమెరాకు ‘180 డిగ్రీల నియమం’ ఉంది. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక ఊహారేఖ గీసుకుని, కెమెరాను దానికి ఒకే వైపున ఉంచుతారు. రేఖ దాటితే ఎదురెదురుగా ఉన్నవారు ఒకే దిక్కుకు చూస్తున్నట్లు కనిపిస్తారు.

కూర్పరి మరో ఉపాయం వాడతారు. మనిషి కుర్చీలోంచి లేస్తున్న క్షణంలో కట్ చేస్తే, చూపు కదలిక వెంట సాగి అతుకు తెలియదు. అయితే చిత్రీకరణలో దొర్లిన ప్రతి పొరపాటునూ కూర్పులో దాచలేరు.

వస్తువులను, వెలుతురును తిరిగి అమర్చవచ్చు; మనుషుల వయసును ఆపలేరు. అపు గొంతు మారకపోవడం, దుర్గ ఎదిగిపోకపోవడం, ఎనభై ఏళ్ల చునీబాలా దేవి తన పాత్ర పూర్తయ్యేదాకా జీవించి ఉండడం తమ అదృష్టమని రాయ్ తదనంతరం చెప్పుకున్నారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ నిధులతో పూర్తయిన ఆ చిత్రం 1955లో విడుదలైంది. ఏళ్ల తరబడి సాగిన ఆ చిత్రీకరణ తెరపై ఒకే బాల్యంగా నిలిచింది.