భద్రాద్రి యాత్రికులు – స్థానిక పాలకులు

శ్రీరామనవమికి భద్రాచలము పోయి, కల్యాణము చూచి, తలంబ్రాలు తెచ్చి ఇరుగుపొరుగులకు పంచుట మన వేంసూరు ప్రాంతమున అందరెరిగినదే. వచ్చిన యాత్రికుని ఆదరించుట, అతడు పోయిన పిదప ఊరిని, ఏటిని శుభ్రముగ నిలుపుట ఎవరి బాధ్యత? ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

నేలకొండపల్లి వాస్తవ్యుడగు కంచెర్ల గోపన్నను మనము రామదాసుగా కొనియాడుదుము. ఆయన 17వ శతాబ్దిలో, తానీషా ప్రభుత్వమున, పాల్వంచ పరగణాకు తహసీలుదారు అను సంగతి తలంచువారు తక్కువ. ప్రజల శిస్తుసొమ్ము ఆరు లక్షల వరహాలు వెచ్చించి ఆలయము కట్టించెననియు, అందులకు గోల్కొండలో పన్నెండేండ్లు చెరయందుండెననియు ప్రతీతి. స్థానికాధికారి పూనికతోనే ఆ కొండ యాత్రాస్థలముగ వర్ధిల్లినది. కాని లెక్క చెప్పవలసినవాడును ఆయనయే అయ్యెను. భక్తులు మన్నింతురుగాక, నాకు ఆ కథలో ఈ రెండవ భాగమే ముఖ్యముగ తోచును.

పిదప పాలకులు పలుమారులు మారిరి. 1860లో నిజాము ఆ తాలూకాను ఆంగ్లేయుల కిచ్చెను. 1874లో అది చెన్నపురి రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. 1959లో మన ఖమ్మము జిల్లాకు వచ్చినది. 1965లో గోదావరిపై వారధి ఏర్పడుటతో, పడవకై రేవున వేచియుండు బాధ తప్పినది. యాత్రికుల సంఖ్యయు పెరిగినది.

2014లో వచ్చిన మార్పు వీటన్నిటికంటె చిక్కైనది. పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ముంపు మండలములను ఆంధ్రప్రదేశమున చేర్చినపుడు, భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణమున మిగిలినది. పట్టణమును ఆనుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము మున్నగు ఐదు పంచాయతీలు ఆవలి రాష్ట్రమునకు పోయినవి. దేవాలయపు మాన్యములలో పెక్కు పురుషోత్తపట్నముననే కలవు. ఇక పంచాయతీకి చెత్త పోయుటకైనను చోటు కరవయ్యెను. యాత్రికులు విడిచిన విస్తళ్లు, ప్లాస్టిక్ సీసాలు గోదావరి గట్టునకే చేరుచున్నవని ఏండ్ల తరబడి ఊరివారు మొరపెట్టుకొనిరి. స్నానమాడు రేవు పాడైనచో యాత్ర ఎట్లు నిలుచును?

ఈ ప్రాంతము షెడ్యూల్డు ప్రాంతము. ఇట్టి చోట గ్రామాభివృద్ధి ప్రణాళికలను పంచాయతీ అమలుపరచుటకు పూర్వము గ్రామసభ ఆమోదింపవలెనని 1996 నాటి పెసా చట్టము విధించినది. సత్రమైనను, బాటయైనను, పడవల రేవైనను, అచ్చటి కోయలు కూర్చుండి మాటలాడిన పిదపనే సాగవలెనని దాని భావము. సంతకములకే పరిమితమగు సభలు ఇందులకు చాలవు.

స్థానికుల జీవనమే యాత్రికుల నాకర్షించుట అసాధ్యము కాదు. నల్లగొండ సీమలోని భూదాన్ పోచంపల్లి తన మగ్గముల మూలముననే 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థచే ఉత్తమ పర్యాటక గ్రామముగ ఎన్నికయ్యెను. అచ్చట చూడవచ్చువారికి చూపదగినది నేతపనియే. ఆ పని నిలిచినంత కాలమే ఆ పేరు నిలుచును.

భద్రాద్రి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వము పంపుట తానీషానాటి ఆచారమని చెప్పుదురు. మంత్రులు వత్తురు, పట్టువస్త్రములు సమర్పింతురు. మరునాటి ఉదయము వీధులలో చీపురు పట్టువారు మాత్రము పంచాయతీ కార్మికులే.