మెయిల్‌లో సీఎస్ఎస్ వెనకడుగు

రాత ఒకచోట, రంగూ రూపం మరోచోట ఉండాలని పుట్టింది సీఎస్ఎస్. హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదిస్తే, 1996 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ తొలి ప్రమాణంగా ఆమోదించింది. పేరా పేరాకూ ఫాంట్ ట్యాగ్ తగిలించే చాకిరీ తప్పింది. కానీ అదే ఏడాది జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ ప్రారంభించారు. బ్రౌజర్‌లోనే ఉత్తరాలు చదివే అలవాటు పెరిగేకొద్దీ మెయిల్ డిజైనర్లకు పాత చాకిరీ తిరిగొచ్చింది.

వెబ్‌మెయిల్‌లో ఉత్తరం ఇంకొకరి పేజీ లోపల తెరుచుకుంటుంది. లింకులన్నీ ఎర్రగా ఉండాలని నేను రాస్తే ఇన్‌బాక్స్ లింకులూ ఎర్రబడొచ్చు. చుట్టపుచూపుగా వెళ్లి వాళ్లింటి గోడలకు రంగేస్తానంటే ఎవరూరుకుంటారు? 2004లో వచ్చిన జీమెయిల్ చాలాకాలం స్టైల్ ట్యాగ్‌నే పీకేసేది. ట్యాగ్ మీదే రాసిన స్టైల్‌ను, అంటే ఇన్‌లైన్ స్టైల్‌ను, ఉండనిచ్చేది. అవుట్‌లుక్ 2007 అయితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను వదిలి వర్డ్ ఇంజిన్‌తో ఉత్తరాలు చూపడం మొదలుపెట్టింది. దాంతో ఉత్తరం అమరికకు టేబుళ్లే గతయ్యాయి.

ఇన్‌లైన్ స్టైల్ రాస్తే అమీర్‌పేట కోచింగ్‌లో మా సార్ మార్కులు కోసేవారు. ఉద్యోగంలో చేరాక అదే రాయమన్నారు. దసరా సేల్ మెయిల్ పూర్తయ్యాక క్లయింట్ ఫోన్ చేసి "నారింజ కాస్త ముదరనివ్వమ్మా" అంటే, టేబుల్‌లోని ప్రతి గడి ట్యాగ్‌నూ (టీడీ) వెతికి రంగు మార్చేదాన్ని.

ఆ చాకిరీని యంత్రానికి అప్పగించినవే రూబీలో ప్రీమెయిలర్, పీహెచ్‌పీలో ఎమోగ్రిఫయర్, తర్వాత నోడ్‌లో జ్యూస్. ఈ ఇన్‌లైనర్లు సీఎస్ఎస్ నియమాలను చదివి, ఏది ఏ ట్యాగ్‌కు వర్తిస్తుందో చూసి, ట్యాగ్ కన్నా క్లాస్, క్లాస్ కన్నా ఐడీ బలమైనదన్న లెక్కతో తగాదాలు తీర్చి, ఫలితాన్ని ఆ ట్యాగ్ మీదే రాసేస్తాయి. తెర సైజును బట్టి రూపం మార్చే మీడియా క్వెరీలు మాత్రం ట్యాగ్‌లో ఇమడవు. వాటిని స్టైల్ ట్యాగ్‌లోనే ఉంచాలి. ఇన్‌లైన్ రాతను అవి ఓడించాలంటే 'ఇంపార్టెంట్' అని పక్కన చేర్చాలి.

2016లో జీమెయిల్ స్టైల్ ట్యాగ్‌నూ మీడియా క్వెరీలనూ రానిచ్చింది. ఇక ఇన్‌లైనర్‌తో పనేమిటని మా జూనియర్లు అడుగుతుంటారు. పాఠకులు ఏ మెయిల్ యాప్ వాడతారో మనం ఎంచుకోలేం కదా అంటాను. పంపే ఫైలును చేత్తో దిద్దొద్దనీ, మూలాన్ని దిద్ది మళ్లీ ఇన్‌లైనర్ నడపమనీ చెబుతాను. చివరగా సైజు చూడమంటాను: ఇన్‌లైన్ రాతతో ఉత్తరం బరువెక్కి 102 కేబీ దాటితే జీమెయిల్ తోక కత్తిరిస్తుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండేది ఆ తోకలోనే.