వీధిలో పడిన ఉక్కుతునుక

1962 సెప్టెంబరు 5వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందు, మానిటోవాక్ పట్టణపు వీధి నడుమ ఒక లోహఖండము పడియుండెను. బరువు సుమారు 9 కిలోగ్రాములు. పోలీసులు మామూలు తుక్కనుకొని దానిని పక్కకు త్రోసిరి. అది ఓడలు కట్టు ఊరు. ఇనుపముక్కలకు కొదువ యేమి?

ఆ వేకువనే సోవియట్ ఉపగ్రహము స్పుత్నిక్-4 మండుచు ముక్కలగుట మిల్వాకీ ప్రాంతపు ఔత్సాహిక పరిశీలకులు చూచిరి. 1960 మే 15న ఎగిరిన ఈ ఉపగ్రహమును నాలుగు దినముల పిమ్మట దింపబోగా, దిశ తప్పిన రాకెట్టు దానిని మరింత పైకక్ష్యకు నెట్టినది. అట్లు రెండేండ్లకు పైగా తిరిగి, పలుచని గాలి ఒరపిడికే క్రమముగా క్రిందికి దిగినది.

కాలము, చోటు కలిసినంత మాత్రమున రుజువు కాదు. అసలు సాక్ష్యము లోహములోనే యుండెను. అంతరిక్షమున కాస్మిక్ కిరణములు ఇనుప పరమాణువులను తాకినచో మాంగనీసు-54 వంటి రేడియోధార్మిక పరమాణువులు పుట్టును. నేలపైనున్న ఇనుమునకు వాయుమండలము అడ్డు. కనుక అందు ఇవి దాదాపు పుట్టవు. పరీక్షింపగా ఈ తునుకలో అట్టివి కనబడెను. ఉల్కయా యన్నచో, ఇది మనుష్యుడు చేసిన ఉక్కు!

తునుక తుదకు సోవియట్ వారికే చేరినది. అది పడినచోట వీధిలో ఇత్తడి వలయమును, చెంతనున్న మ్యూజియములో దాని నకలును ఉన్నవి.