విరిగిన మర, ఎగిరిన ఇంజను

ప్రత్యేక సంచికకు పాత సంగతులు రాయమన్నారు. నాకు తెలిసింది పడవ ఇంజనే.

1837లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆంగ్లేయ రైతు లండన్ కాలువలో చెక్క మరతో పడవ నడిపాడు. రెండు చుట్ల మర దెబ్బతిని సగం విరిగింది. పడవ ఆగలేదు సరికదా, వేగం పెరిగింది! ప్రొపెల్లరు ఎంపిక కథ అలా మొదలైంది. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనకచెక్కకు తగిలించే ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు అమ్మాడు. అక్కడినుంచి ఎత్తు తగాదా కూడా తోడైంది.

1980లలో కాకినాడ తీరంలో ఒక నావకు అవుట్‌బోర్డు మోటారు బిగించాను. వెనకచెక్క ఎత్తు కొలవలేదు, తప్పు నాదే. ఒడ్డుకొస్తూ కెరటమెక్కగానే ప్రొపెల్లరు గాలి పీల్చి ఇంజను గీపెట్టింది, నావ అడ్డం తిరిగింది. నలుగురూ ఈది బయటపడ్డారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు చెక్క రెండంగుళాలు కోసి, ప్రొపెల్లరు పైనుండే రేకును నావ అడుగుకు సమానంగా దించాం. మరీ దించినా నీటి ఒరిపిడి పెరిగి చమురు దండగే. తరువాత ప్రొపెల్లరు. వచ్చింది తేలికపాటి వేగపు పడవలది. వలల బరువుకి ఇంజను పుంజుకోదు. పిచ్ అంగుళం తగ్గితే నిమిషానికి 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. రెండంగుళాలు తక్కువది వేశాం. అప్పుచేసి చమురు కొనే మనిషికి అదే పెద్ద ఊరట.

పాత ప్రొపెల్లరు నా చేతిలో పెట్టి, "ఇది మీ ఆఫీసులోనే ఉంచండి బాబూ" అన్నాడాయన.